కళ్ళకద్దుకున్న కెమెరా

అహల్య కెమెరాకు ఆ ఏడాది ఏదో అయింది. కుర్చీ అదే, లైటు అదే, కూర్చున్న మనిషి కూడా అదే. అయినా ఒక ఫొటో పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చేది, ఇంకొకటి మబ్బు పట్టిన సాయంత్రంలా నల్లగా వచ్చేది. మధ్యమధ్య ఒకటి చక్కగా కుదిరేది. అది తన పనితనమో, కెమెరా దయో ఆమెకే తెలిసేది కాదు. యాభై దాటిన మనిషి, ఓణీల వయసు నుంచి చేస్తున్న పని. ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్ళలా బిక్కుబిక్కుమంటూ బటన్ నొక్కాల్సి వచ్చింది.

శాలిబండ రోడ్డు మీద అత్తరు దుకాణం పక్కన ఇరుకు మెట్లెక్కితే వాళ్ళ స్టూడియో. తండ్రి వైకుంఠం పెట్టింది. ఒక పెద్ద కిటికీ, దాని ముందు బల్ల, గోడకు ఆకాశం రంగు తెర. మధ్యాహ్నం పూట కింద ఏ ఆటో అయినా మలుపు తిరిగితే, దాని అద్దం మీద పడ్డ ఎండ పైకి ఎగిరి, స్టూడియో కప్పు మీద ఒక వెలుగుముక్కగా ఈ మూల నుంచి ఆ మూలకు పరుగెత్తేది. వైకుంఠం దాన్ని చేప అనేవాడు. చిన్నప్పుడు అహల్య ఆ చేపను పట్టుకోవాలని బల్లలెక్కి గెంతేది. ఎన్నిసార్లు గెంతినా అరచేతిలో ఒక్క క్షణం మెరిసి జారిపోయేది. పెద్దయ్యాక గెంతడం మానింది గానీ, చేప వచ్చినప్పుడల్లా తలెత్తి చూడడం మానలేదు. ఎదురుగా కస్టమర్ కూర్చొని ఉన్నా చూస్తుంది. ఈమెకు కొంచెం తిక్క అని కొందరు అనుకుంటారు. అనుకోనీ.

పాతబస్తీ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు మగ ఫొటోగ్రాఫర్లను రానివ్వరు. వైకుంఠం ఎంత మర్యాదస్తుడైనా పరదా అవతలే. లాడ్ బజార్‌కు లక్క గాజులు చేసిచ్చే సుగ్రా తన కూతురి పెళ్ళికి ముందు ఆయన దగ్గరికి వచ్చి, లోపలి ఫొటోలు ఎవరు తీస్తారని దిగులుపడింది. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, అహల్య చేతిలో కెమెరా పెట్టి పరదా లోపలికి పంపాడు. తాను బయట మెట్టు మీద కూర్చొని రీళ్ళు అందించాడు. ఆ రోజు నుంచి ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళ వేడుక ఏదైనా అహల్య ఉండాల్సిందే. ఇందరి పెళ్ళిళ్ళు చూసిన ఆమె తాను మాత్రం చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళను, మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా అని ఎదురడిగేది.

పనికి ముందు పనిముట్టును కళ్ళకద్దుకోవడం మనకు కొత్త కాదు. ఆటోవాడు హ్యాండిల్‌ను, దర్జీ కత్తెరను, కూరగాయలమ్మే ఆమె తక్కెడను అద్దుకుంటారు. వైకుంఠం కెమెరాను అద్దుకునేవాడు. అయితే ఆయనకొక పట్టింపు ఉండేది. ముందు స్విచ్ వేసి కెమెరాను నిద్ర లేపాలి, ఆ తర్వాతే దండం. పడుకున్న మనిషికి దండం పెట్టకూడదని పెద్దలు చెప్పారు కదా, కెమెరాకు మాత్రం ఎందుకు పెట్టాలి అనేవాడు. కాళ్ళు సహకరించక స్టూడియోలో కుర్చీకే అతుక్కుపోయిన రోజుల్లో కూడా, అహల్య ఏ ఫంక్షన్‌కు బయల్దేరినా కెమెరా ముందు ఆయన చేతుల్లోకి వెళ్ళేది. ఆయన అద్దుకొని ఇచ్చేవాడు, ఆమె తీసుకొని మెట్లు దిగేది. అంతే.

పోయినేడు బోనాలకు ముందు ఆయన పోయాడు. కర్మలన్నీ అయ్యాక మొదటిసారి పనికి బయల్దేరుతూ అహల్య అలవాటుగా కెమెరాను ఆ కుర్చీ వైపు చాచింది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని వెనక్కి తీసుకొని, తానే స్విచ్ వేసి, తానే కళ్ళకద్దుకుంది. మూసిన రెప్పలకు చల్లగా తగిలింది. మెడపట్టీకి ఇంకా బాపు తలనూనె వాసన ఉంది. ఆ చీకట్లో ఆయన పక్కనే కూర్చున్నట్టు అనిపించి, ఆమె కాసేపు కళ్ళు తెరవలేదు.

తర్వాత అది మెట్లు దిగే ముందు చేసే దండంగా ఆగలేదు. ఫంక్షన్ చోటికి వెళ్ళాక ఒకసారి, పెళ్ళికూతురి ముందు ఒకసారి, కొత్త ముఖం ఎదురుపడ్డప్పుడల్లా ఒకసారి. ఫొటో చెడిపోతే, దేవుడా ఈసారైనా అని మళ్ళీ ఒకసారి. ఎవరూ ఏమీ అనలేదు. భక్తిని ఎవరంటారు?

ఫొటోలు చెడిపోవడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. మొదట బ్యాటరీ అనుకొని మార్చింది. కార్డు మార్చింది. లెన్స్ విప్పి, అది కెమెరాకు ఆనే ఇత్తడి చుక్కలను మెత్తటి గుడ్డతో తుడిచింది. తెల్లచీరలు, జరీ పనులు కెమెరాను మోసం చేస్తాయి కదా అని, ముదురు రంగు చీర కట్టుకున్న పక్కింటి స్వరూపను కూర్చోబెట్టి తీసి చూసింది. స్వరూప ఒక ఫొటోలో చందమామలా, ఇంకోదాంట్లో అమావాస్యలా వచ్చింది. చివరికి తన కళ్ళకే పొర కమ్మిందేమోనని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళు బాగున్నాయని చెప్పి, దగ్గరి చూపుకు కొత్త అద్దాలు రాశాడు. ఆ అద్దాలు పెట్టుకుంటే కెమెరా కంటికి ఆనదు, తీసేస్తే వ్యూఫైండర్ అడుగున మెరిసే అంకెలు కనబడవు. ఆమె అంకెలనే వదిలేసింది. ముఖాలు కనబడుతున్నాయి, అది చాలనుకుంది.

ఆ ఫొటోలను ఒంటరిగా కంప్యూటర్‌లో చూస్తూ కూర్చున్నప్పుడు మాత్రం ఆమెకు ఏదో మైకం కమ్మేది. తెల్లబోయిన వాటిలో మనుషులు వెలుగులో కరిగిపోతూ, ఇప్పుడో ఇంకాసేపట్లోనో మాయమయ్యేలా ఉండేవారు. నల్లబోయిన వాటిలో ముఖాలు మునిగిపోయి, గాజుల మెరుపు, ముక్కుపుడక, ఒక కన్నీటి తడి మాత్రం తేలేవి. అలాంటి ఒక ఫొటోలో బాలింత ఒడిలో పాప లేదు, తెల్లటి వెలుగు ముద్ద ఉంది. కెమెరా కూడా బాపు మీద బెంగపెట్టుకుందేమో అని ఆమెకు నిజంగానే అనిపించింది. పైకి అంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

నవ్వేవాళ్ళు అప్పటికే నవ్వుతున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అహల్య సంగతి, వయసైపోయింది, ఒప్పుకోకుండా కెమెరాను తిడుతోంది అన్నారు. తమ్ముడు శ్రీపాద అలా అనే మనిషి కాదు. సంతోష్‌నగర్‌లో ఉంటాడు, సర్కారు ఆఫీసులో ఉద్యోగం. ప్రతి ఆదివారం వచ్చి, స్టూడియో మూసేసి మా ఇంటికి రా అక్కా, హాయిగా ఉందువు అని నెమ్మదిగా చెప్పి, టీ తాగి వెళ్ళేవాడు. కోపం తెలియని మనిషి మాటను కాదనడం మహా కష్టం.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో కెమెరాలు బాగుచేసే కమాలుద్దీన్ దగ్గరికి ఆమె ఆ ఏడాదంతా తిరిగింది. అతను కెమెరా అందుకోగానే చకచకా నాలుగు బటన్లు నొక్కి, చక్రాలు తిప్పి, గోడ మీది క్యాలెండర్‌ను వరసగా తీసేవాడు. అన్నీ ఒకేలా, అద్దం తుడిచినట్టు వచ్చేవి. డాక్టరును చూడగానే జ్వరం పారిపోయినట్టు ఉండేది. ఒకసారి అతను కొత్త రకం లైట్ల సంగతి చెప్పాడు. అవి క్షణానికి ఎన్నోసార్లు వెలుగుతూ ఆరుతూ ఉంటాయట, మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుందట. ఆ మాట అహల్యను చాలా రోజులు వదల్లేదు. మనం వెలుగనుకొని కూర్చున్న దాంట్లో సగం చీకటే అన్నమాట. ఆమె ఆ లైట్లు తీయించి, కిటికీ వెలుగులోనే తీసి చూసింది. రోగం తగ్గలేదు.

కమాలుద్దీన్ కెమెరా వెనక, బొటనవేలు ఆనే చోట ఉన్న చిన్న చక్రాన్ని చూపించి అడిగాడు.

"అక్కా, ఇది గిట్ల ఏమన్న తిప్పుతున్నవా? ఇది ఇటు తిప్పితే ఫొటో తెల్లగైతది, అటు తిప్పితే నల్లగైతది."

"నాకు తెల్వదా కమాల్ భాయ్. దాని జోలికి నేనెన్నడు పోలే."

"అయితే చెడిపోయిన ఫొటోలన్న తీస్కరా, చూస్త."

తెస్తానని చెప్పి ఆమె ఎప్పుడూ తేలేదు. వైకుంఠం బిడ్డ తీసిన ఫొటోలు ఇలా ఉన్నాయని ఇంకో మనిషి చూడడం ఆమెకు ఇష్టం లేదు. ఖాళీ కార్డు వేసుకొని వెళ్ళేది, ఖాళీ చేతులతో తిరిగి వచ్చేది. డాక్టరు దగ్గర రోగం దాచుకునే మనిషి ఎప్పుడు బాగుపడాలి? కానీ సిగ్గుకు ఈ లెక్కలు తెలియవు.

ఇట్లా ఉండగా సుగ్రా మనవరాలు సుమయ్య పెళ్ళి కుదిరింది. అహల్య మొట్టమొదట ఫొటోలు తీసింది ఈ పిల్ల తల్లి పెళ్ళికే. సుగ్రా ఇంకెవరినీ పిలవలేదు, పిలుస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా. అహల్య తనలో తాను ఒక మాట అనుకుంది. ఈ పెళ్ళి ఫొటోలు కూడా పాడైతే ఇక కెమెరా పట్టను, తాళం శ్రీపాద చేతిలో పెట్టేస్తాను. పెళ్ళిలో కొన్ని క్షణాలు రెండోసారి రావు. నిఖా అయ్యాక జల్వా ఉంటుంది. వధూవరులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, మీద ఎర్రటి వస్త్రం కప్పి, మధ్యలో అద్దం పెడతారు. ఒకరి ముఖం ఒకరు ఆ అద్దంలోనే చూసుకోవాలి. ఆ చూపు ఒక్కసారే. ఫొటో సరిగా రాలేదు, మళ్ళీ మొదటిసారి చూసుకోండి అని ఎవరిని అడుగుతాం?

పెళ్ళికి ముందు మాంఝా, పసుపు పూసే వేడుక. లాడ్ బజార్ వెనక సుగ్రా వాళ్ళ ఇంటి నడివాకిట్లో పసుపుపచ్చ బట్టల్లో సుమయ్యను కూర్చోబెట్టి, ముత్తైదువలు పసుపు పూస్తున్నారు. గుడిమల్కాపూర్ నుంచి తెచ్చిన బంతిపూలు గుమ్మాలకు వేలాడుతున్నాయి. పొద్దుటి ఎండ మెత్తగా ఉంది. ఫొటోకు ఇంతకన్నా మంచి వెలుగు దొరకదు. అహల్య స్విచ్ వేసి, కెమెరాను కళ్ళకద్దుకొని, తీసింది. చిన్న తెర మీద చూసుకుంటే సుమయ్య లేదు, ఎండే ఉంది. మళ్ళీ అద్దుకుంది, ఈసారి ఇంకా సేపు. తీసింది. బంతిపూలు బొగ్గుల్లా వచ్చాయి.

సుమయ్య పసుపు చేతులు చాచి, చూపించు అంది. తర్వాత చూద్దువులే అని అహల్య అబద్ధం చెప్పింది. పిల్ల నమ్మింది. ఆ నమ్మడం చూడలేక, అహల్య మంచినీళ్ళ వంకతో వెనక గదిలోకి వెళ్ళింది.

ఆ గది సుగ్రా పనిచేసే చోటు. మూలన బొగ్గుల పొయ్యి, పక్కన రంగురంగుల లక్క కడ్డీలు, పళ్ళెంలో అద్దపు ముక్కలు. ఇంట్లో వేడుక జరుగుతుంటే ముసలామె ఇక్కడే ఉంది. పెళ్ళికూతురు వేసుకునే గాజుల జత తన చేత్తోనే చేయాలని ఆమె పట్టుదల. లక్కను పొయ్యి మీద వెచ్చబెట్టి, కర్ర మీద దొర్లిస్తూ తలెత్తి చూసింది. అహల్య గోడకానుకొని కూర్చుంది.

"ఖాలా, పెండ్లికి వేరేటోళ్ళను చూస్కోండ్రి. నాతోని అయితలేదు."

సుగ్రా లక్క దొర్లించడం ఆపలేదు. వేడి తగ్గితే అది గట్టిపడిపోతుంది. ఎప్పటి నుంచి ఇలా అవుతోందని అడిగింది. బాపు పోయినప్పటి నుంచి అని అహల్య చెప్పింది. సుగ్రా గాజును గుండ్రంగా చుట్టి, పక్కన పెట్టి, కాసేపు అహల్య ఒడిలోని కెమెరానే చూసింది.

"ఈ ఏడు పెండ్లిళ్ళల్ల చూస్తున్న, ఫొటో తీసే ముందట నువ్వు దువా చేస్తవు గదా బేటీ, కళ్ళు మూస్కొని. అప్పుడు నీ బొటనవేలు ఊకెనే తిరుగుతుంటది. మేము తస్బీ పూసలు తిప్పినట్టు. మీ దాంట్ల గూడ గట్లనే లెక్కపెడ్తరేమో అనుకున్న."

అహల్యకు మొదట ఆ మాట ఎక్కలేదు. తన కుడిచేతి బొటనవేలిని కొత్త మనిషిని చూసినట్టు చూసుకుంది.

"మరి ఇన్ని దినాలు చెప్పలేదేంది ఖాలా?"

"దువా చేసేటోళ్ళను నడుమల ఆపుతరా ఎవరన్న?"

అహల్య దగ్గరి అద్దాలు పెట్టుకొని కెమెరా మీద, ఆ చక్రం లెక్క చూపే చిన్న గీతల వైపు చూసింది. సూచిక సున్నా దగ్గర లేదు, చీకటి వైపు చివరి దాకా జరిగి ఉంది. చక్రం తిప్పి దాన్ని సున్నాకు తెచ్చింది. పొయ్యి పక్కన ఉన్న సుగ్రా చేతులను తీసింది. ముడతలు, రంగు మరకలు, వేళ్ళ చివర కాలిన మచ్చలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. తర్వాత రోజూ చేసినట్టే కెమెరాను కళ్ళకద్దుకుంది. ఈసారి మనసంతా చేతిలో పెట్టి గమనించింది. రెప్పలకు చల్లదనం తగిలింది, నూనె వాసన వచ్చింది, బాపు పక్కన కూర్చున్నాడు. ఆ క్షణంలోనే బొటనవేలు దానంతటది కదిలింది. జ్వరంతో పడుకున్న మనిషి చేతిని నిమిరినట్టు, చక్రం మీద అటూ ఇటూ నిమిరింది. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో బాపు చేతిని ఆమె అలాగే నిమిరేది. కళ్ళు తెరిచి చూస్తే సూచిక వెలుగు వైపుకు వెళ్ళిపోయింది. తీస్తే సుగ్రా చేతులు తెల్లటి పొగలో కలిసిపోయాయి.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టయింది. కళ్ళు మూసుకున్నప్పుడు జరిగే పని కళ్ళకెట్లా కనబడుతుంది? ఎదురుగా కూర్చున్నవాళ్ళందరికీ ఏడాదంతా కనబడుతూనే ఉంది, తనకు తప్ప. బ్యాటరీ కాదు, లెన్స్ కాదు, లైట్లు కాదు, వయసూ కాదు. ఏ ఫొటో ఎంత చెడిందో ఆ పూట బాపు అంత గుర్తొచ్చాడన్నమాట. అహల్యకు నవ్వు వచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. బాపు పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు, అప్పుడు వచ్చేపోయేవాళ్ళకు నీళ్ళివ్వడంతోనే సరిపోయింది. సుగ్రా ఊరుకోమనలేదు. పొయ్యిలో బొగ్గులు సర్దుతూ ఉండిపోయింది.

ఏడుపు తగ్గాక అహల్యకు ఇంకో భయం పట్టుకుంది. ఇక ఆ వేలిని కదలనివ్వకూడదు. కదలనివ్వకపోతే బాపు వస్తాడా? ఫొటోలు సరిగ్గా వస్తున్నాయంటే ఆయన్ను మరిచిపోతున్నట్టేనా? ఆ మాటే సుగ్రాను అడిగింది. ముసలామె చేతులు కొంగుకు తుడుచుకొని, కెమెరాను ఇమ్మంది. దాన్ని ఒక చేత్తో పట్టుకోలేదు. రెండు అరచేతులు చేర్చి, వాటిలో పెట్టుకుంది.

"మీ బాపు గిట్ల పట్టుకుంటుండె. నా బిడ్డ పెండ్లినాడు పరదా సందుల నుంచి చూసిన. మేము తబర్రుక్ తీస్కున్నట్టు, మీరు పర్సాదం తీస్కున్నట్టు. నువ్వు పని చేసేటట్టు పట్టుకుంటున్నవు. దువాకు గట్ల కాదు బేటీ."

అహల్యకు ఆయన చేతులు గుర్తొచ్చాయి. రోజూ వాటిలో నుంచే కెమెరా అందుకుంది గానీ, అవి దాన్ని ఎలా పట్టుకున్నాయో ఒక్కనాడూ చూడలేదు.

ఆమె సూచికను సున్నాకు తెచ్చి, వెనక గది నుంచి వాకిట్లోకి వచ్చి, సుమయ్యను మళ్ళీ తీసింది. బంతిపూలు బంతిపూలలా, పసుపు పసుపులా వచ్చాయి. పిల్ల అడక్కముందే తెర తిప్పి చూపించింది.

సాయంత్రం కమాలుద్దీన్‌కు ఫోన్ చేసి చెబితే, అతను చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఇందులో తన వాటా కూడా ఉందన్నాడు. కెమెరా చేతికి రాగానే ముందు అన్నీ సున్నాకు తిప్పడం అతని ఉస్తాద్ నేర్పిన అలవాటు. "రోగాన్ని నేనే తుడిచి, రోగం లేదని చెప్పిన అక్కా. మాఫ్ చెయ్." ఆ చక్రం అసలు పనిచేయకుండా సెట్టింగుల్లో తాళం వేయొచ్చు, తీసుకురా వేసిస్తా అన్నాడు. అహల్య వద్దంది. ఆ ఆదివారం శ్రీపాద వచ్చి ఎప్పటి మాటే ఎత్తబోతే, ఆమె టీ గ్లాసు చేతికిచ్చి, సుమయ్య పెళ్ళి అయ్యాక చెబుతానంది.

పెళ్ళి సంతోష్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో, పట్టపగలు. ఆడవాళ్ళ వైపు మల్లెపూల వాసన, అత్తరు వాసన, బిర్యానీ వాసన కలిసిపోయి గాలి బరువెక్కింది. నిఖా అయింది. వరుడు అద్నాన్‌ను లోపలికి తీసుకొచ్చి సుమయ్య ఎదురుగా కూర్చోబెట్టారు. ఇద్దరూ తలలు వంచుకొని ఉన్నారు. ఎర్రటి వస్త్రం కప్పడానికి పెద్దవాళ్ళు లేచారు. సుగ్రా ఒక పక్కన కుర్చీలో కూర్చొని, మనవరాలిని కాకుండా అహల్యను చూస్తోంది.

అహల్య స్విచ్ వేసింది. రెండు అరచేతులు చేర్చి, వాటిలో కెమెరాను పడుకోబెట్టి, కళ్ళకద్దుకుంది. చల్లదనం తగిలింది. నూనె వాసన ఈ మధ్య తగ్గింది, అయినా ఉంది. బాపు వచ్చాడు. పరదా బయట మెట్టు మీద కూర్చున్నాడు, చేతిలో రీళ్ళున్నాయి. అహల్య బొటనవేలు కదిలింది. దాన్ని ఆపాలని ఆమె అనుకోలేదు. అది ఖాళీ గాలిలో అటూ ఇటూ నిమిరింది, ఆమె నిమరనిచ్చింది.

కళ్ళు తెరిచి, అద్దాలు పెట్టుకొని, సూచికను చూసుకుంది. సున్నా దగ్గరే ఉంది. అద్దాలు తీసి కెమెరాను కంటికి ఆనించింది.

వస్త్రం కింద ఎర్రటి నీడ. మధ్యలో అద్దం. సుమయ్య మెల్లగా కళ్ళెత్తింది. పక్కనున్న ఆమె అద్దాన్ని కాస్త వంచింది. వస్త్రం అంచు సందులోంచి కిటికీ ఎండ అద్దం మీద పడి ఒక వెలుగుముక్క ఎగిరింది. ఎటు పోతుందో అహల్యకు తెలుసు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దాని కోసం తల ఎత్తుతూనే ఉంది. ఈసారి ఎత్తలేదు. బటన్ నొక్కింది.

చూసుకోవడానికి కాసేపు భయపడింది. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకొని చూసుకుంది. అద్దంలో అద్నాన్ కళ్ళు, అద్దం బయట సుమయ్య కళ్ళు, పెదవుల మీద అణచుకున్న నవ్వు, గాజుల్లోని ఒక్కొక్క అద్దపు ముక్క. ఏదీ తెల్లబోలేదు, ఏదీ నల్లబడలేదు. ఎర్రటి వస్త్రం మీద, పెళ్ళికూతురి తల పక్కన, ఆ వెలుగుముక్క నిలిచి ఉంది. బల్లలెక్కి గెంతినా చిక్కనిది, కదలకుండా అక్కడుంది.

సుగ్రా కుర్చీలో నుంచే, వచ్చిందా బేటీ అని అడిగింది.

"వచ్చింది ఖాలా. చేప గూడ వచ్చింది."

ముసలామెకు ఆ మాట అర్థం కాలేదు. అహల్య కళ్ళు తుడుచుకోవడం మాత్రం చూసింది. పక్కకు తిరిగి, మనవరాలి చేతులకున్న గాజులను చూసుకుంటూ కూర్చుంది.